తెర మీద పాఠం, టేపులో గొంతు

నియామకపు కాగితంలో నా ఉద్యోగం ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. ప్రయోగశాలలో పరికరాలు సర్దడం, పిల్లల చేత ప్రయోగాలు చేయించడం, రికార్డులు దిద్దడం. చోడవరం కాలేజీలో అరవైల చివర చేరి, డెబ్బయిలు దాటేదాకా అక్కడే ఉన్నాను. అయితే ఆ ఏళ్ళలో నేను నిజంగా చేసిన పని వేరు. పాఠం చెప్పేవాళ్ళకి యంత్రాల్ని దగ్గిర చెయ్యడం, ఆ యంత్రాల వల్ల పాఠం చెడిపోకుండా చూసుకోవడం. దానికి అప్పట్లో పేరు లేదు. ఇప్పుడుందట. ఆ పేరుతో ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు కొందరు నా దగ్గిరికొచ్చి, "మీ రోజుల్లో ఏమున్నాయి సార్, ఏం చేసేవారు?" అని అడుగుతుంటారు.

ఏమున్నాయో చెప్పడం తేలిక. ఒక పదహారు మిల్లీమీటర్ల సినిమా ప్రొజెక్టరు, ఒక స్పూలు టేప్ రికార్డరు, పుస్తకంలో బొమ్మని గోడ మీద పెద్దది చేసి చూపించే ఎపిడయాస్కోపు. ఏం చేసేనో చెప్పాలంటే మాత్రం నా తప్పులు చెప్పాలి. ఇక్కడ వాటినే రాస్తున్నాను.

బీరువా

ఈ మూడూ నేను చేరేనాటికే ప్రిన్సిపాల్ గారి గదిలో ఉన్నాయి. ప్రొజెక్టరుకి గుడ్డతో తొడుగు కుట్టించేరు. టేప్ రికార్డరు బీరువాలో ఉండేది. ఎపిడయాస్కోపు వచ్చిన చెక్కపెట్టెలోంచి బయటికే రాలేదు. చుట్టూ కూరిన గడ్డి కూడా తియ్యలేదు. ఏడాదికోసారి ఎవరైనా అధికారి వస్తే తొడుగు తీసి చూపించి, మళ్ళీ తొడిగేవారు.

రెండుసార్లు అడిగేను. "చూద్దాం" అన్నారు. మూడోసారి వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు.

"వెంకట్రావ్, ఇదివరకు నేను పనిచేసిన చోట ఒక మైక్రోస్కోపు కుర్రాళ్ళ చేతిలోంచి జారి పగిలింది. ఏడాదిన్నర ఎంక్వయిరీ. వచ్చిన ప్రతి కాగితానికీ జవాబు రాసుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ ఆ గొడవ నాకొద్దు."

"వాడకపోయినా పాడవుతాయి సార్. బెల్టులు ఎండిపోతాయి. పెట్టెకి చెద పడుతుంది."

"ఉంచితే పాడైనప్పుడు తప్పు చెద మీద పోతుంది. వాడితే పాడైనప్పుడు నా మీద పోతుంది."

నాకు నవ్వొచ్చింది గాని ఆయన నవ్వలేదు. అక్కడే నిలబడి ఒక తెల్లకాగితం అడిగేను. ఈ యంత్రాలకి ఏం జరిగినా బాధ్యత నాదని రాసి సంతకం పెట్టేను. ఆయన రెండుసార్లు చదివి సొరుగులో పెట్టుకుని, తాళాలు నా ముందుకి తోసేరు.

ఆయన్ని పిరికివాడని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోను. వాడి చెడగొట్టినవాణ్ణి నిలదీసి, వాడకుండా దాచినవాణ్ణి మెచ్చుకునే పద్ధతి ఉన్నన్నాళ్ళూ ఎవరైనా దాస్తారు. మీ పైవాళ్ళు దాస్తుంటే కోపం తెచ్చుకోకండి. వాళ్ళ భయం ఎక్కడుందో కనుక్కుని, దాన్ని కొంత మీరు మొయ్యండి.

చప్పట్లు

మొదట తెప్పించింది తరంగాల మీద ఒక సినిమా. విశాఖపట్నంలో ఇలాంటివి అరువిచ్చే చోటొకటి ఉండేది. రేకుపెట్టెలో బస్సు మీద వచ్చింది. రెండు తెల్లపంచెలు కలిపి కుట్టించి తెర చేసేం. కిటికీలకి గోనెసంచులు కట్టేం. మా బి.ఎస్సీ. పిల్లలతోబాటు ఆర్ట్సువాళ్ళూ గోడల వారా నిలబడ్డారు. ఇరవై నిమిషాల సినిమా. అయిపోగానే చప్పట్లు. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుకుంటూ వెళ్ళేను.

మర్నాడు ల్యాబులో ఒకే ఒక ప్రశ్న అడిగేను. "చెరువులో రాయి వేస్తే తరంగం ముందుకెళ్తుంది కదా. దాంతోబాటు అక్కడి నీళ్ళు కూడా ముందుకెళ్తాయా?"

క్లాసులో ముప్పాతిక మంది వెళ్తాయని చేతులెత్తేరు. నీళ్ళు అక్కడే పైకీ కిందకీ ఊగుతాయి గాని ముందుకెళ్ళవని చూపించడానికే ఆ సినిమా తీసేరు. నీటి మీద ఒక బిరడా వేసి మరీ చూపించేరు.

"మరి సినిమాలో ఏం చూసేరయ్యా?"

వెనక బల్ల నుంచి ఒకడు లేచి, "రంగులు బాగున్నాయండి. ఆ దొర కూడా బాగా మాటాడేడు" అన్నాడు.

మా డిపార్టుమెంటుకి పెద్ద రామ్మూర్తి గారు. యంత్రాలంటే ఆయనకి గిట్టదు. సుద్దముక్క ఉంటే చాలు, గంటసేపు పిల్లల్ని కదలనిచ్చేవారు కాదు. నేను ఆయన్ని పాతకాలం మనిషని లోలోపల చిన్నచూపు చూసేవాణ్ణి. జరిగింది ఆయనకి చెప్పేను.

"వాళ్ళ కళ్ళకి పని పెట్టేవు, బుర్రకి పెట్టలేదు" అన్నారు. "ఆ సినిమా మళ్ళీ వెయ్యి. దొర గొంతు కట్టేసి వెయ్యి. నేను మాట్లాడతాను. నేను ఆపమన్నచోట ఆపు."

వేసేను. ఆయన ముందే చెప్పేరు: "బిరడా మీదే చూపు పెట్టండి. మిగతా ఏదీ చూడక్కర్లేదు." బిరడా తెర మీదకి రాగానే "ఆపు" అన్నారు. ఆపేను. ఎవరో ఒకణ్ణి లేపి, "తరవాత ఎటు పోతుంది?" అని అడుగుతున్నారు. ఇంతలో తెర మధ్యలో గోధుమరంగు మచ్చ పుట్టి, అంచులు నల్లబడుతూ పెద్దదైపోయింది. కాలిన వాసన. దీపం వేడికి ఆగిన చోట ఫిల్ము కాలిపోతోంది! బల్బు ఆర్పేసరికి ఫిల్ములో గోరంత కంత.

ప్రిన్సిపాల్ గారి దగ్గిరకి వెళ్ళేను. తాళాలు బల్ల మీద పెట్టేను. ఆయన వాటి వంక చూడలేదు.

"అరువిచ్చినవాళ్ళకి ఉత్తరం రాయి. చిన్నగా రాయి. జరిగింది జరిగినట్టు రాయి."

"మీరు..."

"కింద నేను కూడా సంతకం పెడతాను. ముందు ఎలా ఆపాలో కనుక్కో."

వాళ్ళ జవాబు కార్డు మీద వచ్చింది. మాట్లాడుకోవాలంటే బల్బు ఆర్పి ఆపండి, చాలామంది ఇలా కాల్చేరు అని. తాళాలు నా దగ్గిరే ఉండిపోయేయి. అప్పట్నుంచి ఏ సినిమా అయినా ముందు నేనొక్కణ్ణే చూసి, ఆపవలసిన చోట్లు రాసుకుని, పాఠం చెప్పే ఆయనతో కూర్చుని మాట్లాడేకే పిల్లలకి చూపించేవాణ్ణి. రెండుసార్లు వేసేవాళ్ళం. మధ్యలో ప్రశ్నలు. చప్పట్లు తగ్గిపోయేయి. చేతులెత్తడంలో తప్పులూ తగ్గేయి.

వడ్రంగి చేసిన వెర్నియరు

కరెంటు సంగతి నమ్మకం లేదు. ఒకరోజు ఎపిడయాస్కోపుతో, రెండు స్కేళ్ళ గీతలు కలిసిన చోట సన్నటి కొలతలు చదివే వెర్నియర్ కాలిపర్సు బొమ్మ చూపిద్దామని అన్నీ సిద్ధం చేసుకున్నాను. కరెంటు పోయింది. గంటంతా రాలేదు. చేతిలో జానెడు పరికరం పట్టుకుని నలభైమందికి ఒక్కొక్కరికీ చూపిస్తూ తిరిగేను. ఎవరికీ గీతలు కలిసిన చోటు కనపడలేదు.

ఆ వారమే బజారులో వడ్రంగి దగ్గిర కూర్చుని, గజం పొడుగు చెక్క వెర్నియరు చేయించేను. గీతలు నేనే నల్లరంగుతో వేసేను. గోడకి తగిలించి జరుపుతుంటే వెనక బల్లవాడికి కూడా గీత మీద గీత కనపడింది. నేను కాలేజీకి తెచ్చినవాటిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. యంత్రం అంటే కరెంటు తీగ ఉండాలనే పిచ్చి నాకు ఆ రోజుతో పోయింది. మీకు కూడా తొందరగా పోవాలని నా కోరిక.

నూకరత్నం

ఇది రాయడానికి ఆవిడ అనుమతి తీసుకున్నాను. తరవాత ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేసి, తనూ రిటైరైంది. "రాయండి మేష్టారూ, ఉన్నదున్నట్టు రాయండి" అంది.

డిగ్రీలో తెలుగు మీడియం వచ్చిన కొత్త. రామ్మూర్తి గారికి అది ఏమాత్రం ఇష్టం లేదు. "తెలుగులో ఫిజిక్సేమిటయ్యా, పదాలేవి?" అనేవారు. తెలుగు పుస్తకాలు వచ్చేయి గాని వాటిలో మాటలు పిల్లలకి ఇంగ్లీషుకంటే బరువు. పుస్తకం చూడకుండా ఒక్క వాక్యం చెప్పలేకపోయేవారు. ప్రాక్టికల్ పరీక్షలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు నోటితో ప్రశ్నలడిగితే నీళ్ళు నమిలేవారు. నేనొక ఉపాయం వేసేను. ల్యాబులోనే ఒక్కొక్కర్నీ ప్రశ్నలడిగి, జవాబులు టేప్ చేసి, క్లాసందరికీ వినిపించాలి. తమ తప్పులు తామే వింటారు, దిద్దుకుంటారు. ఎంత మంచి ఆలోచన అనుకున్నానో!

నూకరత్నం బుచ్చయ్యపేట అవతల ఒక చిన్న ఊరినుంచి వచ్చేది. క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే. తక్కువ మాట్లాడే పిల్ల. వెర్నియర్లో సున్నా దోషం గురించి అడిగితే, ఆ రోజు ఆగకుండా చెప్పింది.

"రెండు దవడలూ కలిపీసినప్పుడు సున్నా మీద సున్నా నిలబడాలండి. నిలబడ్నేదంటే తప్పు దాని పుట్టకలోనే ఉన్నాది. ఆ తప్పెంతో ముందే సూసుకుని, లెక్కలో సరిసేసుకోవాల."

పుస్తకంలో అరపేజీ ఉన్న సంగతి అది. ఇంత చక్కని జవాబు ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు. మర్నాడు క్లాసులో టేపు వేసేను. "నిలబడ్నేదంటే" దగ్గిర ఒకడు కిసుక్కుమన్నాడు. తరవాత అందరూ. వాళ్ళు జవాబు వినలేదని నాకు కోపం వచ్చి, నాలుగు తిట్టి, టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేసేను. ఈసారి పడీపడీ నవ్వేరు. ఒకడు ఆ మాటని అదే తీరులో అని చూపించేడు. ఎక్కువ నవ్వినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఇంటి దగ్గిర అదే మాట మాట్లాడేవాళ్ళే.

ఆ పిల్ల తలెత్తలేదు. గంట కొట్టేక వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. జ్వరమేమో అనుకున్నాను.

పది రోజులయ్యేక రామ్మూర్తి గారు వరండాలో నన్నాపేరు. "ఆ అమ్మాయి ఆ రోజు గోడకి తల ఆనించుకుని ఏడుస్తుంటే చూసేను. నవ్వినవాళ్ళని తిట్టేవుట. వాళ్ళు నవ్వింది ఒక్కసారి. రెండోసారి నవ్వించింది నువ్వు."

ఆ మాట అన్నందుకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఇంటికెళ్ళేలోగా ఆ కోపం పోయి సిగ్గు మిగిలింది.

ఆదివారం బస్సెక్కేను. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజులు. బండ్ల వెనక బస్సు నత్తలా నడిచింది. దిగి పొలాల వెంట రెండు మైళ్ళు నడిచేను. ఆమె తండ్రి సన్యాసినాయుడు చెరకు కొడుతున్నాడు. నేనెవరో చెప్పగానే కత్తి కిందపెట్టి తలగుడ్డ విప్పేడు.

"మా గుంట సదువు ఒగ్గీసింది బాబూ. ఏటయిందో సెప్పదు. కాలేజీకి ఎల్లనంతే ఎల్లనంతంది. ఎవులైనా ఏటైనా అన్నారా?"

"నావల్లే జరిగింది" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పేను.

"నవ్వేరా? మరి ఆల్లు ఇంటికాడ ఏటి మాటాడతారు బాబూ?" అని, కూతుర్ని కేకేసేడు.

నూకరత్నం చెరకాకు మోపు దించి వచ్చి, దూరంగా నిలబడింది.

"తప్పు నాదమ్మా" అన్నాను. "నిన్నడక్కుండా నీ గొంతు నలుగురికీ వినిపించేను. రెండోసారి వినిపించడం ఇంకా పెద్ద తప్పు. క్షమించు."

మేష్టారు క్షమించమనడం ఆ పిల్లకి ఏమీ తోచకుండా చేసింది. కాలి బొటనవేలితో మట్టి గీసింది.

"నా గొంతు అలగుంటాదని నాకు తెల్దండి. ఇనగానే నాకే సిగ్గేసింది." ఇంకా మట్టి గీస్తూనే, "ఆ టేపు సెరిపీసేరా?" అంది.

"లేదు. రేపే చెరిపేస్తాను."

"సెరపకండి. నేనింకోపాలి ఇనాల. ఎవులూ లేకుండా."

సోమవారం వచ్చింది. టేప్ రికార్డరు ఎలా నడపాలో చూపించి, ల్యాబు తలుపు వారగా వేసి బయట కూర్చున్నాను. మూడుసార్లు వినడం నాకు వినపడింది. బయటికొచ్చి అడిగింది.

"జవాబు తప్పా మేష్టారూ?"

"కాదు. క్లాసులో అందరికంటే బాగా చెప్పేవు."

"అయితే మరెందుకు నవ్వేరు?"

"తెలీదమ్మా" అన్నాను.

"అయితే నేను మాననండి" అంది. "అన్ని ప్రయోగాలూ సెప్తాను. టేపు ఎక్కించండి. నవ్విన ఆల్లు కూడా సెప్పాల. ఒక్కొక్కలూ ఎవులది ఆల్లు ఒంటరిగా ఇనాల."

మా కాలేజీలో టేప్ రికార్డరు వాడకానికి నియమాలు అలా పుట్టేయి. వాటిని చేసింది నేను కాదు, ఆ పిల్ల. ఎవరి గొంతు వాళ్ళే ముందు వినాలి. చెరపమంటే చెరిపెయ్యాలి. పక్కవాడికి వినిపించాలన్నా వాళ్ళనే అడగాలి. మధ్యాహ్నం భోజనాలవేళ వంతులవారీగా వచ్చేవారు. నవ్వినవాళ్ళు తమ గొంతులు విని ఎర్రబడ్డ మొహాలతో బయటికొచ్చేవారు. ఎవరూ ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు. రెండు నెలలయ్యేసరికి నూకరత్నం తన మాటల్లో పద్నాలుగు ప్రయోగాలు చెప్పింది. తనే అందర్నీ వినొచ్చంది. విన్నారు. నోట్సు రాసుకుంటూ విన్నారు.

ఒక మధ్యాహ్నం ల్యాబులోకి వెళ్ళేసరికి రామ్మూర్తి గారు టేప్ రికార్డరు ముందు కూర్చున్నారు. బటన్లు ఎలా నొక్కాలో తెలీక ఎవర్నో అడిగి వేయించుకున్నారట. ఆ సున్నా దోషం జవాబే మళ్ళీ మళ్ళీ వింటున్నారు.

"పుట్టకలోనే ఉన్న తప్పు..." అన్నారు నన్ను చూసి. "ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పేనయ్యా. ఈ మాట నాకు తట్టలేదు."

మర్నాడు ఆయన ఆ మాటతోనే పాఠం చెప్పేరు. ఆ పిల్ల పేరు చెప్పి మరీ చెప్పేరు. అంత పెద్దవాడు తెలుగు గురించి తన అభిప్రాయం మార్చుకోవడం, మార్చుకున్నానని క్లాసులో ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్నదాంట్లో సగం ఆయన దగ్గిర నేర్చుకున్నాను. మంచి పాఠం చెప్పేవాళ్ళని యంత్రాలు తెలీవని తీసిపారెయ్యకండి. ముందు వాళ్ళ క్లాసులో వెనక బల్ల మీద కూర్చోండి.

పరీక్ష

ప్రాక్టికల్ పరీక్షకి నగరం నుంచి ఎగ్జామినరు వచ్చేరు. గట్టిమనిషి. మొదటి నలుగురూ పుస్తకంలో వాక్యాలు అప్పజెప్పబోయి మధ్యలో మరిచిపోయేరు. ఆయనకి విసుగొచ్చింది. అయిదో మనిషి నూకరత్నం. నేను పక్కనే నిలబడ్డాను గాని నోరు విప్పకూడదు.

తీగ మందం కొలిచే స్క్రూగేజి చేతికిచ్చి, "దీని తల ఎప్పుడూ ఒకే పక్కకి తిప్పాలంటారు, ఎందుకు?" అన్నారు.

"ఎనక్కీ ముందుకీ తిప్పితే మరలో సందున్నాది కదండీ, తల తిరుగుతాది గాని స్క్రూ కదల్దు. ఆ ఖాళీ తిరుగుడు కూడా లెక్కలోకి వచ్చీస్తాది. అందికే ఒకేపక్క తిప్పుకెల్లాల."

ఆయన మొహం చిట్లించేరు. "ఇదేం మాటమ్మా? డిగ్రీ చదువుతున్నావు. సరిగ్గా చెప్పు."

ఆ పిల్ల మళ్ళీ పొలానికి వెళ్ళిపోతుందేమోనని భయమేసింది. కాని ఆమె తల దించలేదు.

"పుస్తకంలో మాట కూడా వచ్చండి. ఏది సెప్పమంటారు?"

"రెండూ వస్తే పుస్తకంలోది చెప్పు."

గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఒక్క అక్షరం పోలేదు. అయిపోయేక, అదే గొంతుతో అంది.

"ఇది బట్టీ పట్టేనండి. ముందు సెప్పింది అర్థమై సెప్పేను. దేనికి మార్కులేస్తారో మీ ఇష్టం."

ఆయన స్క్రూగేజి తన చేతిలోకి తీసుకుని, తల అటూ ఇటూ తిప్పి, స్క్రూ మొన కదలకుండా తల ఒక్కటే తిరిగే ఆ కాస్త మేరా కళ్ళకి దగ్గిరగా పెట్టి చూసేరు. కాగితం మీద మార్కులు వేసి, వెళ్ళమన్నారు.

అప్పుడు తరవాతి కుర్రాణ్ణి పిలిచేరు. వాడు చేతులు కట్టుకుని నిలబడి, పుస్తకంలో మొదటి వాక్యం ఎత్తుకున్నాడు.

"పుస్తకం నేనూ చదివేను" అన్నారు ఆయన గట్టిగా. "నీ మాటల్లో చెప్పు."

బయట వరండాలో వంతు కోసం నిలబడి, గైడు పట్టుకుని వల్లె వేస్తున్న ఇరవై మందికీ ఆ మాట వినపడింది. ఒక్కొక్కరే పుస్తకాలు మూసేరు. తరవాత ఎవరో ఒకడు పక్కవాడితో, మెల్లిగా, వాళ్ళ ఊరి మాటలో, స్క్రూగేజి గురించి చెప్పడం మొదలుపెట్టేడు.